ఎవరి కథ, ఎవరి నోట? - లూసియానా జానపద విశ్వాసాలపై ఒక పరిశీలన

జానపద వాఙ్మయాన్ని గురించి మాట్లాడేవారిని రెండు తెగలుగా విభజించవచ్చు. ఒక తెగవారికి పల్లెపాట, పల్లెకథ, పల్లెలోని మొక్కుబడి, అన్నీ అందమైనవే. వాటిని అద్దాల బీరువాలో పెట్టుకుని చూచి మురిసిపోతారు. రెండో తెగవారికి అదంతా మౌఢ్యమే. విజ్ఞానం వచ్చిననాడు ఎండుటాకుల్లాగా వాటంతట అవే రాలిపోతాయి గనుక, వాటిని గురించి ఆలోచించడం కాలహరణమని వారి అభిప్రాయం. అభ్యుదయ దృక్పథం కలవారం తరచు ఈ రెండో తెగలో చేరుతుంటాము. నేనూ చాలాకాలం అందులోనే వున్నాను.

కొన్నేళ్ళ క్రితం జానపద వాఙ్మయం పాఠం చెప్తూ, దయ్యాల కథలన్నీ అజ్ఞానపు సంతానమని ఒక్క వాక్యంలో తేల్చివేశాను. వెనుక బల్లమీద కూర్చున్న విద్యార్థి ఒకడు లేచి, "అజ్ఞానం అన్నిచోట్లా ఒకటే గదా మాస్టారూ, మరి దయ్యం ఒక్కోచోట ఒక్కో రకంగా ఎందుకుంటుంది?" అని అడిగాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నిజానికి అది చరిత్రకారులు వేసుకోవలసిన ప్రశ్న. మౌఢ్యమని పేరు పెట్టినంతమాత్రాన దేనినీ వివరించినట్లు కాదు. ఒక విశ్వాసం ఆ ఊళ్ళోనే, ఆ వృత్తివారిలోనే, ఆ రూపంలోనే ఎందుకు నిలిచింది అన్నది తేలాలి.

ఈ పరిశీలనకు అమెరికాలోని లూసియానా రాష్ట్రం అనువైన స్థలమని నాకు తోచింది. చాలా దేశాల్లో కథల పుట్టుక మనకందని చీకట్లో వున్నది. లూసియానాలో ఆ కథలు చెప్పిన జనం ఏ యేట, ఏ దేశం నుండి, ఎవరి బలవంతం మీద అక్కడికి చేరారో చాలవరకు లెక్క దొరుకుతున్నది. కథ వెంట మనిషిని, మనిషి వెంట ఓడను, ఓడ వెంట వ్యాపారిని గుర్తించగల చోటు అది.

మిసిసిపీ నది సముద్రంలో కలిసే ఆ పల్లపు నేలను 1682లో ఫ్రెంచివారు తమ రాజు పేర తమదని ప్రకటించుకున్నారు. 1718లో న్యూఆర్లియన్స్ నగరానికి పునాది వేశారు. ఆ మరుసటి యేడే, 1719లో, ఆఫ్రికా నుండి బానిసల ఓడలు వచ్చాయి. వరి పండించడం తెలిసిన మనుషులనూ, వరి విత్తనాలనూ వెంట తెమ్మని ఆ ఓడల యజమానులకు ఉత్తరువులున్నవి. బురదనేలలో పైరు తీయడం ఫ్రెంచి దొరలకు తెలియదు. ఆ విద్య తెలిసినవారిని సంకెళ్ళతో తెచ్చుకున్నారు. ఫ్రెంచి పాలనలో వచ్చిన బానిసలలో సుమారు మూడింట రెండువంతుల మంది నేటి సెనెగల్, గాంబియా నదుల ప్రాంతం వారు. ఆ తరువాత దేశం స్పెయిన్ చేతికి, తిరిగి ఫ్రాన్స్ చేతికి పోయి, 1803లో అమెరికాకు అమ్ముడైంది. ఏలేవారు మారారు గాని, చెరకు నరికేవారు మారలేదు.

రెండో ప్రవాహం ఉత్తరం నుండి వచ్చింది. నేటి కెనడాలోని నోవా స్కోషియాకు ఆనాటి ఫ్రెంచి పేరు అకేడియా. అక్కడ సముద్రపు పోటును గట్లు కట్టి ఆపి, నేల సాగుచేసుకున్న ఫ్రెంచి రైతులు బ్రిటిషు రాజుకు షరతులు లేని విధేయతా ప్రమాణం చేయడానికి ఒప్పుకోలేదు. 1755లో బ్రిటిషు సైన్యం వారిని ఊళ్ళనుండి తరిమి ఓడలలోకెక్కించింది. కొన్నేళ్ళలో పదివేలకు పైగా జనం చెల్లాచెదరయ్యారు. వారిలో కొందరు 1765 ప్రాంతాన లూసియానా చేరారు. 1785లో మరో 1,600 మంది ఏడు ఓడలలో ఫ్రాన్స్ నుండి వచ్చారు. అకేడియన్ అన్న మాటే నలిగి నలిగి కేజన్ అయింది.

మూడో ప్రవాహం హైతీ విప్లవం తెచ్చినది. 1809-10 సంవత్సరాలలో, క్యూబా మీదుగా, ఆ దీవి నుండి పారిపోయినవారు తొమ్మిదివేల పైచిలుకు న్యూఆర్లియన్స్‌లో దిగారు. అందులో తెల్లవారు, స్వతంత్రులైన సంకరజాతివారు, బానిసలు దరిదాపు సమానంగా వున్నారు. వీరందరికీ ముందునుంచీ అక్కడున్న హూమా, చిటిమాచా, చాక్టా ఆదిమజాతులను మరిచిపోరాదు. అక్కడి ప్రసిద్ధ వంటకం గంబో పేరే మధ్య ఆఫ్రికా భాషలలో బెండకాయకున్న పేరు. అందులో చల్లే సాసఫ్రాస్ ఆకుపొడి చాక్టావారిది. పిండిని కొవ్వులో వేయించి పులుసుకు చిక్కదనం తేవడం ఫ్రెంచివారిది. కుండలో కలిసినంత తేలికగా మనుషులు కలవలేదు.

క్రియోల్ అన్న మాట చరిత్ర చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. వలసదేశంలో పుట్టిన వాడెవడైనా, తెల్లవాడు గాని నల్లవాడు గాని, మొదట క్రియోలే. బానిసత్వం రద్దయి, నల్లవారు ఓటుహక్కు అడిగిన తరువాత తెల్ల కులీనులు ఆ మాట తమకే చెందినదని పట్టుబట్టారు. 1885లో షార్ల్ గేయరే అనే చరిత్రకారుడు పనిగట్టుకుని ఉపన్యాసమిచ్చి, క్రియోల్ అంటే అచ్చమైన తెల్లవాడేనని వాదించాడు. నల్లవారు, సంకరజాతివారు మాత్రం ఆ మాటను వదులుకోలేదు. ఈనాడు లూసియానా పల్లెల్లో క్రియోల్ అంటే ఎక్కువగా వారే. ఒక పదానికి అర్థమేమిటో నిఘంటువు ఒక్కటే నిర్ణయించదు. అధికారం కూడా నిర్ణయిస్తుంది.

ఇక కథల దగ్గరకు వద్దాం. లూసియానా క్రియోల్ కథలలో ఇద్దరు నాయకులు: కుందేలు బావ, బూకీ బావ. కుందేలుకు ఫ్రెంచి పేరు లపాన్. ఈ బూకీ ఎవరు? చెప్పే ముసలమ్మలలో చాలమందికి అది ఏ జంతువో తెలియదు. తిండిపోతు, మొరటువాడు, ఎప్పుడూ మోసపోయేవాడు, అంతే. ఆ మాట ఫ్రెంచి కాదు, ఇంగ్లీషు కాదు. సెనెగల్‌లోని వొలోఫ్ భాషలో బుక్కీ అంటే దుమ్ములగొండి. అక్కడి కథలలో లోక్ అనే కుందేలు, బుక్కీ అనే దుమ్ములగొండి నేటికీ జంటగా తిరుగుతున్నవి. 1953లో సెంఘోర్, అబ్దులాయ్ సాజీ కలిసి సెనెగల్ బడిపిల్లలకు వ్రాసిన వాచకానికి కథానాయకుడు ఆ కుందేలే.

అమెరికాలో కుందేళ్ళున్నవి, గనుక దాని పేరు ఫ్రెంచిలోకి మారింది. దుమ్ములగొండి లేదు, గనుక దాని పేరు ఆఫ్రికాదే మిగిలింది. జంతువు మాయమై, పేరు ఒక్కటే సముద్రం దాటింది. ఇంటి పేరును, ఊరి పేరును, దేవుడి పేరును ఊడలాక్కుని, జ్ఞానస్నానం చేయించి, కొత్త పేరు తగిలించిన వ్యవస్థ అది. 1724 నాటి ఫ్రెంచి బానిసచట్టం ప్రతి బానిసకూ కాథలిక్ మతం ఇప్పించాలని శాసించింది. అంత బలవంతం కింద కూడా ఒక దుమ్ములగొండి పేరు ఎవరికీ పట్టుబడకుండా రెండువందల యేళ్ళు బ్రతికింది. అది మౌఢ్యమో, అందమో చర్చించే ముందు సాక్ష్యమని గుర్తించాలి.

బూకీ కథలలో ఒకటి నా మాటల్లో చెప్తాను. బూకీ పొయ్యిమీద పెద్ద కాగు పెట్టి, నీళ్ళు మరుగుతుండగా డప్పు వాయిస్తాడు. విందు అనుకుని కోతులు వస్తాయి. "ఒక ఆట ఆడదాం. నేను కాగులో దూకుతాను. ఉడికాను అనగానే బయటికి లాగండి" అంటాడు. దూకుతాడు, కోతులు వెంటనే లాగేస్తాయి. ఇప్పుడు కోతుల వంతు. అవి దూకి, ఉడికామో అని అరుస్తాయి. "ఉడికినవాడికి మాట పెగలదు. మాట్లాడుతున్నారంటే ఇంకా ఉడకలేదన్నమాట" అని బూకీ మూత వేస్తాడు. ఒక చిన్న కోతి మాత్రం తప్పించుకుంటుంది. కొన్నాళ్ళకు బూకీ మళ్ళీ కాగు పెట్టి డప్పు కొడతాడు. చిన్న కోతి చెప్పిన సంగతి విని వున్న కోతులు ఏమీ ఎరగనట్లే వస్తాయి. బూకీ దూకి ఉడికానంటాడు. అప్పుడు కోతులు వాడి మాట వాడికే అప్పచెప్తాయి.

ఈ కథను పిల్లల వినోదంగా చదవవచ్చు. కాని దీన్ని చెప్పినవారు ఎవరు? చెరకు రసాన్ని వరుసగా నిలిపిన పెద్ద ఇనుప కాగులలో రాత్రింబవళ్ళు మరగబెట్టిన జనం. గానుగ ఋతువులో నిద్ర లేక, కాలి, చెయ్యి తెగి, పనిచేసిన జనం. వారికి మరిగే కాగు కేవలం అలంకారం కాదు. బాధను చెప్పుకుంటే, చెప్పుకోగలిగావు గనుక బాధ లేదనడం. చెప్పుకోలేకపోతే, చెప్పలేదు గనుక బాధ లేదనడం. బానిసయజమాని తర్కమంతా ఈ రెండు మాటలలో వున్నది. ఇది నా వ్యాఖ్యానం. కథ చెప్పిన ప్రతివారూ ఇట్లాగే తలచారని నేననను. కాని ఆ తర్కాన్ని అంత కచ్చితంగా పట్టుకున్న మనస్సును అజ్ఞానమని ఎట్లా అంటాము?

ఈ కథను కాగితం మీద పెట్టినవాడు ఆల్సే ఫోర్టియే. టులేన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు, పెద్ద చెరకు తోటలున్న కుటుంబంలో పుట్టినవాడు. 1895లో ఆయన లూసియానా జానపద కథల సంపుటాన్ని క్రియోల్ మూలంతో, ఇంగ్లీషు అనువాదంతో ప్రకటించాడు. ఆయన శ్రమకు మనం కృతజ్ఞులమే. మాండలికాన్ని దిద్దకుండా అచ్చువేయడం ఆ రోజులలో చిన్న సంగతి కాదు. ఐనా ఆ సంవత్సరాలను ఒకసారి చూడండి. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 1887 నవంబరులో, దక్షిణ లూసియానా చెరకు తోటలలో దాదాపు పదివేల మంది కూలీలు సమ్మె చేశారు. రోజుకు డాలరుంబావు కూలి ఇవ్వాలనీ, తోట దుకాణంలో మాత్రమే చెల్లే చీటీలు కాక డబ్బు చేతికివ్వాలనీ వారి కోరిక. నవంబరు 23న తిబొడో పట్టణంలో సాయుధులైన తెల్లవారు సమ్మెదారుల మీద పడ్డారు. కనీసం 30 మంది నల్లవారు చనిపోయారు. అసలు సంఖ్య అంతకెంతో ఎక్కువని అనేకుల అంచనా. కథల సంపుటం వచ్చిన మరుసటి యేడే, 1896లో, న్యూఆర్లియన్స్ క్రియోల్ హోమర్ ప్లెసీ వేసిన వ్యాజ్యంలో, జాతులను వేరుచేసి రైలు పెట్టెలు నడపడం న్యాయమేనని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అట్టి రోజులలో, అట్టి కుటుంబం నుండి వచ్చిన పండితుడు కాగితం, కలం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, ఒక వృద్ధ నల్లకూలీ ఏ కథలు చెప్పి వుంటాడు? ఏవి దాచుకుని వుంటాడు? జానపద సంపుటాలను చదివేటప్పుడు మనం మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. అచ్చయిన కథ వెనుక అచ్చుకాని కథ ఎప్పుడూ వుంటుంది.

ఈ ప్రశ్నను దస్తావేజుల మధ్య నిలిపినవారు గ్వెండొలిన్ మిడ్లో హాల్. న్యూఆర్లియన్స్‌లో పౌరహక్కుల న్యాయవాది ఇంట పుట్టి, చిన్ననాటి నుండి వామపక్ష ఉద్యమాలలో పనిచేసి, నల్లజాతి కమ్యూనిస్టు నాయకుడు హేరీ హేవుడ్‌ను వివాహమాడిన ఆమె, లూసియానా జిల్లా కచేరీలలో బూజుపట్టిన అమ్మకపు పత్రాలను, వీలునామాలను ఏళ్ళ తరబడి చదివారు. సుమారు లక్షమంది బానిసల వివరాలను ఒక్కచోట చేర్చారు. ఒక్కొక్కరి జాతి, వయస్సు, వృత్తి, వెల. 1992లో వెలువడిన ఆమె గ్రంథం తరువాత, లూసియానా సంస్కృతిలో ఆఫ్రికా ఏదో మసకగా వున్నదని కాక, ఏ తెగ, ఏ నదీతీరం అని చెప్పడం సాధ్యమైంది. ఆమె 2022లో మరణించారు.

ఇప్పుడు విశ్వాసాల సంగతి. లూసియానా అనగానే బయటివారికి గుర్తువచ్చేది వూడూ. బొమ్మకు సూదులు గుచ్చే సినిమా బూటకాన్ని పక్కకు పెడదాం. గ్రిగ్రి అనే రక్షరేకును తీసుకోండి. ఆ పేరూ, ఆ విద్యా పశ్చిమాఫ్రికావే. 1773లో, ఒక తోట మేస్త్రీని చంపడానికి గ్రిగ్రి తయారుచేశారన్న నేరంపై కొందరు బానిసలను స్పెయిన్ అధికారులు విచారించారు. మొసలి గుండెతో చేసిన మూటకు మనిషిని చంపే శక్తి వున్నదని మనం నమ్మనక్కరలేదు. కొరడా పట్టినవాణ్ణి తొలగించాలని కొందరు మనుషులు రహస్యంగా కూడి సంకల్పించారు అన్నది మాత్రం నమ్మవలసిన చరిత్ర. గ్రిగ్రి ఆ సంకల్పానికి ప్రమాణపత్రం వంటిది. 1795లో పాయింట్ కూపీలో కుట్ర, 1811లో న్యూఆర్లియన్స్ ఎగువ నదీతీరంలో షార్ల్ డెలాండ్ నాయకత్వాన లేచిన పెద్ద తిరుగుబాటు - ఈ వరుసలోనే ఆ మూటను కూడా చూడాలి.

పాలకులకు ఈ సంగతి మనకంటె బాగా తెలుసు. 1817లో న్యూఆర్లియన్స్ నగరసభ, బానిసలు ఆదివారంనాడు ఒక్కచోటనే, పొద్దు గుంకేలోపలనే, కూడాలని నియమం చేసింది. కాంగో స్క్వేర్‌గా పేరుపడిన ఆ మైదానంలోని డప్పుల చప్పుడు తరువాతి కాలపు జాజ్ సంగీతానికి ఒక మూలమైంది. మేరీ లవో (1801-1881) వంటి స్వతంత్ర నల్లజాతి స్త్రీ, ఏ పదవీ లేకుండా, నగరంలో అంతటి పలుకుబడి సంపాదించడం కూడా మంత్రం వల్ల కాదు. తెల్లవారి ఇళ్ళలో పనిచేసే స్త్రీల కన్నీళ్ళూ కబుర్లూ వినే చోటు మరొకటి లేకపోవడం వల్ల అని నా నమ్మకం.

ఐతే మౌఢ్యం ఎప్పుడూ పీడితుల పక్షానే నిలిచిందని చెప్తే అది మరో మౌఢ్యం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బానిసల యజమానులు, రాత్రి గస్తీ తిరిగేవారు, తరువాత కూక్లక్స్ క్లాన్ వారు, తెల్లగుడ్డలు కప్పుకుని దయ్యాల వేషంతో నల్లవారిని భయపెట్టారు. రాత్రిపూట బానిస గడప దాటకూడదు, పొరుగు తోటలోని భార్యను చూడటానికి పోకూడదు, సభకు కూడకూడదు. కాపలాకు ఖర్చు ఎక్కువ, దయ్యానికి ఖర్చు లేదు. కింద నుండి పుట్టిన నమ్మకం ఒకటి, పైనుండి పరచిన భయం ఒకటి. రెండింటికీ మనం మూఢవిశ్వాసమనే ఒకే చీటీ అంటిస్తున్నాము. అక్కడే మన విమర్శ మొద్దుబారుతున్నది.

కేజన్ పల్లెల్లోని దయ్యాలు వేరు. వాటిలో ప్రసిద్ధమైనది రూగరూ. తోడేలుగా మారే మనిషి. ఫ్రాన్స్ నుండి వచ్చిన నమ్మకమే ఇది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలపు నియమాలను ఏడేళ్ళు వరుసగా తప్పినవాడు రూగరూ అవుతాడని చెప్తారు. గురువులు తక్కువ, బురదకాలువలు ఎక్కువ అయిన ఆ దేశంలో చర్చికి చెయ్యిచాలని చోట రూగరూ కాపలా కాసింది. చిత్తడి నేలమీద రాత్రి మినుకుమినుకుమనే వెలుగును వారు ఫూ ఫొలే అంటారు. మన కొరివిదయ్యం వంటిది. జ్ఞానస్నానం కాకుండా చనిపోయిన పసిబిడ్డల ఆత్మలవి అని నమ్మిక. కుళ్ళిన ఆకుల నుండి పుట్టే వాయువని విజ్ఞానశాస్త్రం చెప్పేది ఆ వెలుతురును గురించి. బిడ్డలు పుట్టి పుట్టి చనిపోతుంటే, గురువు నెలల తరబడి రాలేని ఊళ్ళో, తల్లి మనస్సులోని భయాన్ని గురించి ఆ వాయువు ఏమీ చెప్పదు.

త్రెతర్ అనేవాడు అక్కడి మంత్రించేవాడు. మొగవారూ, ఆడవారూ, తెల్లవారూ, నల్లవారూ, హూమా ఆదిమజాతివారూ కూడా ఈ పని చేశారు. ఎండదెబ్బకు, పులిపిరులకు, పంటినొప్పికి, రక్తం కారడానికి రహస్యప్రార్థన చదువుతాడు. ఇందులో కట్టుబాట్లు గమనించదగ్గవి. రోగి తానై అడగాలి. త్రెతర్ డబ్బు అడగరాదు. రోగి కృతజ్ఞతలు కూడా చెప్పరాదు. వైద్యం సరుకుగా మారిన దేశంలో, ఒక మూల పల్లెల్లో, వైద్యం సరుకు కాని ఒక ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దంలో కూడా నిలిచింది. దాన్ని పొగుడుతూ కూర్చోవాలని కాదు. ప్రార్థనతో ధనుర్వాతం తగ్గదు. కాని ఎదుటి పక్షాన ఆనాడు వున్న విజ్ఞానం ఎట్టిది? 1853లో పచ్చజ్వరం న్యూఆర్లియన్స్‌లో సుమారు ఎనిమిదివేల మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, గాలిలోని విషం పోతుందని నగరాధికారులు ఫిరంగులు పేల్చారు, వీధులలో తారు పీపాలు కాల్చారు. అది చదువుకున్నవారి మంత్రం. ఆ జ్వరం చివరకు పోయినది దోమను గుర్తించి, నీటితొట్లకు మూతలు వేసి, మురుగును అదుపు చేసినాకనే. 1905 తరువాత ఆ నగరం అట్టి ఉపద్రవాన్ని ఎరగదు. మౌఢ్యానికి మందు పరిహాసం కాదు, పారిశుద్ధ్యం.

ఇక పండుగ. తపస్సు కాలానికి ముందురోజు, విభూది బుధవారానికి ముందటి మంగళవారం, మార్డిగ్రా. కేజన్ పల్లెల్లో ఆనాడు మొగవారు గుడ్డముక్కలు కుట్టిన అంగీలు, ముఖాలకు తొడుగులు, తలలపై పొడవైన మొనదేలిన టోపీలు పెట్టుకుని, గుర్రాలెక్కి ఇల్లిల్లూ తిరుగుతారు. ముసుగు లేని నాయకుడు తెల్లజెండాతో ముందు నడుస్తాడు. బియ్యం, సాసేజీలు, ముఖ్యంగా బ్రతికున్న కోడి అడుక్కుంటారు. కోడిని వదిలితే బురదలో పడి తరిమి పట్టుకుంటారు. సాయంత్రం ఊరంతటికీ ఒకే గంబో. మధ్యయుగపు ఫ్రాన్స్‌లో పేదలు చలికాలపు చివర యాచించిన వేడుకకు ఇది సంతతి. ఆ మొనదేలిన టోపీ కులీన స్త్రీల శిరోవేషాన్ని వెక్కిరించడానికని చెప్తారు. ఒక్కరోజు రాజ్యం తలకిందులవుతుంది. ఐతే అక్కడ కూడా తెల్లవారి పరుగు వేరు, నల్ల క్రియోల్‌ల పరుగు వేరు. తెల్లవారి గుంపులలో ముఖానికి మసిపూసుకుని నల్లవాని వేషం వేసే పాత్రలూ వున్నవి. పేదవాడు పైవాణ్ణి వెక్కిరిస్తూనే పక్కవాణ్ణి కూడా వెక్కిరించాడు. ఈ రెండో వెక్కిరింతనే పైవాడు ఎప్పుడూ వాడుకున్నాడు.

న్యూఆర్లియన్స్ మార్డిగ్రా కథ మరొకటి. 1857లో ధనికులు కోమస్ అనే సంఘం పెట్టి ఊరేగింపు మొదలుపెట్టారు. అంతర్యుద్ధానంతరం నల్లవారికి హక్కులు వచ్చిన కాలంలో, 1873లో, ఆ సంఘం డార్విన్ సిద్ధాంతాన్ని, హక్కులిచ్చిన ప్రభుత్వాన్ని ఒకేసారి అపహసిస్తూ జంతువేషాలతో ఊరేగింది. 1990ల మొదట్లో, జాతివివక్ష పాటించే సంఘాలకు ఊరేగింపు అనుమతి లేదని నగరసభ చట్టం చేస్తే, కోమస్ వీధిలోకి రావడం మానుకున్నది గాని తలుపు తెరవలేదు. పల్లెలో కిందివాడు పైవాణ్ణి నవ్విన పండుగ, పట్నంలో పైవాడు కిందివాణ్ణి నవ్విన పండుగ అయింది. ఆచారం పేరు ఒకటే; వర్గం మారితే అర్థం మారింది.

ఈ కథలన్నీ బ్రతికిన భాషకు ఏమి జరిగినదో చెప్పకపోతే నా వ్యాసం అసంపూర్ణం. 1921 నాటి లూసియానా రాజ్యాంగం బడులలో ఇంగ్లీషు తప్ప మరో బోధనభాష వుండరాదన్నది. ఫ్రెంచి నోట పలికిన పసివాళ్ళను కొట్టారు, మోకాళ్ళపై నిలబెట్టారు, ఇక పలకనని నూరుసార్లు వ్రాయించారు. ఆ పిల్లలు తల్లితండ్రులైనప్పుడు తమ బిడ్డలకు ఆ భాష నేర్పలేదు. 1968లో రాష్ట్రప్రభుత్వమే ఫ్రెంచి భాషాభివృద్ధికి సంస్థ పెట్టింది. ఐతే మొదట బడికి తెచ్చినది ఎక్కువగా ఫ్రాన్స్, బెల్జియం ఉపాధ్యాయుల ప్రామాణిక ఫ్రెంచి. అమ్మమ్మ భాష అక్కడా తప్పుల జాబితాలోనే నిలిచింది. నల్లవారి క్రియోల్ గతి ఇంకా హీనం; దాన్ని మాట్లాడేవారు ఈనాడు కొద్దివేల మంది. బూకీ కథ ఆ భాషలో వినే చెవులు అవి.

ఈ బంధుత్వం మనకు బొత్తిగా దూరం కాదు. హిందూ మహాసముద్రంలోని మారిషస్‌లోనూ ఫ్రెంచివారి చెరకు తోటలే మరో క్రియోల్ భాషను పుట్టించాయి. 1888లో షార్ల్ బైసాక్ అక్కడి కథలను ప్రకటిస్తే అందులోనూ కుందేలే జిత్తులమారి. 1835లో బానిసత్వం రద్దయ్యాక ఆ తోటలకు వెళ్ళిన కూలీలలో మన తెలుగువారున్నారు. వారి మనుమల మనుమలు ఇళ్ళలో మాట్లాడేది క్రియోలే. చెరకు తోట ఎక్కడ వేసినా, ఒక భాషను మింగి మరో భాషను కన్నది.

జానపదాన్ని సేకరించడంలోని పక్షపాతానికి ఒక్క ఉదాహరణతో ముగిస్తాను. 1930లలో ఆర్థికమాంద్యపు రోజులలో అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పించింది. లూసియానాలో ఆ పథకం కింద సేకరించిన వింతలు, దయ్యాలు, పాటలతో 'గంబో యాయా' అనే గ్రంథం 1945లో అచ్చయి నేటికీ అమ్ముడవుతున్నది. అదే పథకంలో, డిలార్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నల్లజాతి రచయితల బృందం, కవి మార్కస్ క్రిస్టియన్ నాయకత్వాన, లూసియానా నల్లజాతి చరిత్రను వ్రాసింది. అది ఆయన జీవితకాలంలో అచ్చుకు నోచుకోలేదు. ఆయన 1976లో మరణించాడు. వ్రాతప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వున్నది. నల్లవాని దయ్యం పుస్తకమైంది; నల్లవాని చరిత్ర కట్టగా మిగిలింది.

ఈనాడు లూసియానాలో దయ్యాలకు కొదవలేదు. న్యూఆర్లియన్స్ దుకాణాలలో యంత్రాలు చేసిన వూడూ బొమ్మలు అమ్ముతారు; హూమా పట్టణంలో రూగరూ పేర ఏటా ఉత్సవం జరుగుతున్నది. కాని రూగరూ తిరిగిన నేల ఏది? 1932 నుండి సుమారు 1,900 చదరపు మైళ్ళ తీరభూమిని సముద్రం మింగింది. నదికి కట్టిన కరకట్టలు ఒండ్రుమట్టిని ఆపాయి. చమురు కంపెనీలు చిత్తడిలో వేలమైళ్ళ కాలువలు తవ్వి ఉప్పునీటిని లోపలికి తెచ్చాయి. హూమాజాతి పల్లెలు, కేజన్ రొయ్యలవారి పల్లెలు నీటి అంచున నిలబడి వున్నవి. రూగరూను చంపినది విజ్ఞానం కాదు. దాని ఊరినే లాభం ముంచివేస్తున్నది.

నా విద్యార్థికి ఆనాడు ఇవ్వలేని జవాబు ఇప్పుడివ్వగలను. దయ్యం ఒక్కోచోట ఒక్కో రకంగా ఎందుకుంటుందంటే, మనిషి ఒక్కోచోట ఒక్కో విధంగా అణచబడ్డాడు గనుక. ఒక్కోచోట ఒక్కో విధంగా తప్పించుకున్నాడు గనుక. అభ్యుదయ విమర్శకుని పని ఆ కథను పూజించడం కాదు, పారవేయడమూ కాదు. ఎవరు చెప్పారు, ఏ పని చేస్తూ చెప్పారు, ఎవరు వ్రాసుకున్నారు, ఎవరు అమ్ముకుంటున్నారు అని అడగడం. ఉడికినవాడు మాట్లాడలేడని బూకీ అన్నాడు. నిజమే కావచ్చు. కాని ఆ కథలో కోతుల జాతిని బ్రతికించినది కాగులోంచి బయటపడి, చూచినది చూచినట్లు చెప్పిన ఆ చిన్న కోతి. మన తరగతిగదిలో, వెనుక బల్లమీద, అది ఇప్పుడూ కూర్చుని వుండవచ్చు. అది లేచి మాట్లాడినప్పుడు, అజ్ఞానమని కూర్చోబెట్టకుండా వినడం మన పని.